తలుపుకు గొళ్ళెం ఉన్నదా?

గత విద్యా సంవత్సరంలో ద్వితీయ సంవత్సరం తెలుగు తరగతికి మేము ఒక వ్యాసాంశం ఇచ్చాము. అంశం "నేను చూసిన అడవి". 41 మంది వ్రాసి ఇచ్చారు. అందులో సగానికి పైగా సినిమాలలోని అడవులే. కొందరు బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలను వర్ణించారు. ఇంకొందరు వనస్థలిపురం జింకల పార్కును అడవి అన్నారు. ఒక విద్యార్థిని మాత్రం రెండే వాక్యాలు వ్రాసింది: "సార్, నేను అడవిని చూడలేదు. మా ఇంటి దగ్గర చెరువు ఉంది గాని దాని పక్క నుండి పోయేటప్పుడు ముక్కు మూసుకుంటాము." తక్కినవారు నాలుగేసి పుటలు నింపినా ఆ రెండు వాక్యాలలోని నిజం వాటిలో లేదు. ఈ వ్యాసానికి ఆ కాగితమే కారణం.

మన అల్మాస్‌గూడ పేరులోని 'అల్మాస్' అనే మాటకు వజ్రమని అర్థం. పేరులో వజ్రం ఉన్నంత మాత్రాన మన పిల్లల ఇళ్ళలో వజ్రాలు లేవు. తండ్రి ఆటో నడుపుతాడు, లేదా దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో దుకాణంలో పనిచేస్తాడు. తల్లి కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. పిల్లలకు తెలిసిన లోకం ఇటు మీర్‌పేట, అటు ఎల్.బి.నగర్ చౌరస్తా. చెరువులు లేవా అంటే ఉన్నాయి. మీర్‌పేట పెద్దచెరువు, మంత్రాల చెరువు మన కళ్ళ ముందే ఉన్నాయి. ఒకప్పుడు పొలాలకు నీరిచ్చిన ఆ చెరువుల చుట్టూ నేడు కాలనీలు, లోపలికి మురుగు. చెరువంటే దుర్వాసన అనీ, అడవంటే తెరమీది బొమ్మ అనీ అనుకుంటూ ఒక తరం పట్టాలు పుచ్చుకొని వెళ్ళిపోతున్నది. ఇది వారి దోషం కాదు. విద్య నేర్పుతున్నామని చెప్పుకుంటున్న మా దోషం.

మా అభిప్రాయం సూటిగా చెబుతాము. ఉత్తర తెలంగాణలోని ములుగు అడవులకు మన కళాశాల ప్రతి ఏటా ఒక యాత్ర నిర్వహించాలి. అది ఉదయం వెళ్ళి సాయంత్రం తిరిగివచ్చే విహారం కాకూడదు. లక్నవరం చెరువు ఒడ్డున ఒక రాత్రి, తాడ్వాయి చెట్ల నడుమ మరొక రాత్రి అక్కడి కుటీరాలలో గడపాలి. విద్యార్థినులు విద్యార్థులతో సమానంగా అందులో పాల్గొనాలి. అయితే ఇటువంటి యాత్ర బస్సు కదిలిన నాడు మొదలు కాదు. మూడు నెలల ముందే కాగితం మీద మొదలవుతుంది. ఆ కాగితం లేకపోవడం వల్లనే గత ఏడాది మా ప్రయత్నం చెడిపోయింది.

అదెలా జరిగిందో దాచకుండా చెప్పడం మంచిది. వ్యాసాలు దిద్దిన ఉత్సాహంలో మేము నోటీసు బోర్డు మీద నాలుగు పంక్తులు వ్రాసి అంటించాము. యాత్ర పేరు, తేదీ, రుసుము, పేర్లు ఇవ్వవలసిన గడువు, అంతే. మూడు రోజులలో 46 పేర్లు వచ్చాయి. అందులో 19 అమ్మాయిలవి. వారం తిరిగేసరికి ఆ 19లో 17 పేర్ల మీద గీతలు పడ్డాయి. అబ్బాయిలలో కూడా ఆరుగురు తప్పుకున్నారు. ఆరుగురికీ ఒకేసారి జ్వరం వచ్చిందట! రుసుము కట్టలేమని నోటితో చెప్పలేక వారు జ్వరం తెచ్చుకున్నారని గ్రహించడానికి మాకు కొంత కాలం పట్టింది. యాత్ర రద్దయింది. అధ్యాపకుల గదిలో కూర్చుని మేము ఏమనుకున్నాము? "ఈ తల్లిదండ్రులు మారరు. ఆడపిల్లలను గడప దాటనివ్వరు" అనుకున్నాము. ఆ మాట అనుకోవడంలో ఒక సుఖం ఉన్నది. అప్పుడు తప్పు మనది కాకుండా పోతుంది.

రెండు రోజుల తరువాత ఒక తల్లి కళాశాలకు వచ్చింది. కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్లున్నది, బురఖా అంచుకు దారపు పోగులు అంటుకొని ఉన్నాయి. కుర్చీ చూపినా కూర్చోలేదు. మేము ప్రకృతి సౌందర్యం గురించి, పిల్లల మనోవికాసం గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాము. ఆమె ఓపికగా విన్నది. తరువాత, "సార్, అడవికి పోవద్దని నేను అంటలేను. ఆ రూముల తలుపులకు లోపల గొళ్ళెం ఉంటదా? రాత్రి పూట బిడ్డ బయటికి పోవాల్నంటే ఎంత దూరం పోవాలె? తోడు ఎవరు లేస్తరు? అది చెప్పుండ్రి" అన్నది.

మా వద్ద సమాధానం లేదు. ఆ కుటీరాలను మేము ఫోటోలలోనే చూశాము. ఆమె సలాము చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆ ప్రశ్నలు మమ్మల్ని వదలలేదు. అవి వెనుకబాటుతనపు ప్రశ్నలు కావు. అడవికి ప్రయాణం కట్టే ప్రతివాడూ మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్నలు. ఎం.ఏ. చదివిన మాకు తోచనివి, కుట్టుమిషను ముందు కూర్చునే ఆ తల్లికి తోచాయి. తల్లిదండ్రుల భయం యాత్రకు ఆటంకమని మేము అనుకున్నాము. నిజానికి ఆ భయాన్ని విడివిడి ప్రశ్నలుగా వ్రాసుకొని, ఒక్కొక్కదానికి ఎదురుగా సమాధానం వ్రాస్తే అదే యాత్రకు ప్రణాళిక. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇంతే. తక్కినదంతా దానికి వివరణ.

దసరా సెలవులలో మేము ఇద్దరు సహోద్యోగులతో కలిసి ఆ దారి చూసి వచ్చాము. ఎల్.బి.నగర్ నుండి నాగోల్ మీదుగా ఉప్పల్ చేరి, అక్కడ 163వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే భువనగిరి, జనగామ, హనుమకొండ దాటి ములుగు వస్తుంది. ములుగు దాటాక జంగాలపల్లి వద్ద మళ్ళితే పాలంపేట, రామప్ప గుడి. తిరిగి రహదారికి వచ్చి గోవిందరావుపేట మండలంలోకి ప్రవేశిస్తే లక్నవరం. ఇంకా ముందుకు పస్రా మీదుగా పోతే తాడ్వాయి. మన కళాశాల నుండి లక్నవరానికి సుమారు 220 కిలోమీటర్లు. బస్సులో, దారిలో ఆగుతూ, ఆరు గంటల ప్రయాణం.

లక్నవరం దేవుడు తవ్విన సరస్సు కాదు, మనుషులు కట్టిన చెరువు. 13వ శతాబ్దంలో, కాకతీయుల కాలంలో, కొండల నడుమ ఉన్న మూడు ఇరుకైన సందులను చిన్న చిన్న కట్టలతో మూసివేశారు. మిగిలిన గోడ పని కొండలే చేస్తున్నాయి. నీటి మధ్య దీవులు, దీవులకు వేలాడే వంతెన చూడడానికి జనం వస్తారు. కాని నేటికీ ఆ నీటితో పొలాలు పండుతున్నాయని గమనించేవారు తక్కువ. పాలంపేటలోని రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించాడు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గుడి వెంట చెరువు కూడా కట్టించిన కాలమది. మన పిల్లలు అక్కడ చూడవలసింది ఇదే. ఎక్కడ ఎంత కట్ట వేయాలో, ఏ కొండను ఎలా వాడుకోవాలో ముందుగా ఆలోచించినవారి చెరువు ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది. ఏ ఆలోచనా లేకుండా మనం చుట్టూ ఇళ్ళు కట్టుకున్న చెరువు ఒక్క తరంలో మురుగైంది. ఆ రెండు వాక్యాలు వ్రాసిన అమ్మాయి లక్నవరం కట్ట మీద నిలబడితే, తన ఇంటి దగ్గరి చెరువు కూడా ఒకనాడు ఇలాంటిదేనని తెలుసుకుంటుంది. ఆ తెలివి పాఠ్యపుస్తకం ఇవ్వలేదు.

ఇక ప్రశ్నలకు వద్దాము.

మొదటి ప్రశ్న: ఎప్పుడు పోతారు? గత ఏడాది మేము జూలై చివర అనుకున్నాము, చెరువు నిండుగా ఉంటుందని. అది ఎంత తప్పో ములుగు జిల్లా చరిత్రే చెబుతున్నది. 2023 జూలై ఆఖరి వారంలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. తెలంగాణలో అంతకు ముందెన్నడూ ఒక రోజులో అంత వాన నమోదు కాలేదు. అదే వారంలో ముత్యాలధార జలపాతం చూడబోయిన ఎనభై మందికి పైగా పర్యాటకులు, వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. విపత్తు దళం వారు వెళ్ళి వారిని బయటికి తేవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడు, 2024 ఆగస్టు 31న, తాడ్వాయి, మేడారం అడవులలో వచ్చిన సుడిగాలికి కొద్దిసేపట్లో యాభై వేలకు పైగా చెట్లు కూలాయి. అదే ఏడాది డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో పుట్టిన భూకంపం హైదరాబాదులో మన కిటికీలను కూడా కదిలించింది. భూకంపానికి ఋతువు లేదు గాని వానకు ఉన్నది. కాబట్టి వానకాలంలో పిల్లలను అక్కడికి తీసుకుపోవడం ధైర్యం కాదు, అవివేకం.

వేసవిలో ఎండ, ఎండుటాకులకు నిప్పు భయం. ఇక జనవరి, ఫిబ్రవరి. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి దినాలలో మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. 2024లో అది ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగింది. ఆ దారిలోనే తాడ్వాయి ఉన్నది. జాతర దినాలలో కోటి మంది నడిచే దారిలో ముప్పై మంది పిల్లలను వెతుక్కోవడం ఎవరి తరమూ కాదు. రంజాను నెల ప్రతి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక దానిని కూడా చూసుకోవాలి. పరీక్షల తేదీలు సరేసరి. ఇన్ని తీసివేస్తే మిగిలేది నవంబరు ఆఖరు నుండి డిసెంబరు నడుమ వరకు. అప్పటికి చెరువు నిండి ఉంటుంది, దారి ఆరి ఉంటుంది. చలి మాత్రం ఉంటుంది. ప్రతివారికీ ఒక దుప్పటి, ఒక స్వెటరు తప్పనిసరి. లేనివారికి ఇవ్వడానికి నాలుగైదు ఎక్కువ తీసుకుపోవాలి.

రెండవ ప్రశ్న: ఎక్కడ పడుకుంటారు? ఆ తల్లి అడిగినది ఇదే. లక్నవరంలో రాష్ట్ర పర్యాటక శాఖ వారి కాటేజీలు ఉన్నాయి. తాడ్వాయిలో అడవి నడుమ కుటీరాలు ఉన్నాయి, జనం వాటిని 'హట్లు' అంటారు. డేరాలు వేసుకుంటే ఖర్చు తగ్గుతుందని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. అమ్మాయిలు ఉన్న బృందానికి గోడ, తలుపు, దీపం ఉన్న బస కావాలి. అయితే కుటీరమని పేరుంటే చాలదు. మేము దారిలో చూసిన ఒక బసలో, దాని పేరు ఇక్కడ అనవసరం, తలుపు గొళ్ళెం వదులై వేలాడుతున్నది. రెండు మేకులు కొడితే సరిపోయే పని. కాని ఆ రెండు మేకుల సంగతి తెలియకుండా మేము 19 మంది అమ్మాయిలను పంపమని తల్లులను అడిగాము! కాబట్టి యాత్రకు నెల ముందు ఇద్దరు అధ్యాపకులు, అందులో ఒకరు స్త్రీ, స్వయంగా వెళ్ళి ప్రతి గదీ చూడాలి. గొళ్ళెం, కిటికీ, దీపం, నీళ్ళు, మరుగుదొడ్డికి ఎన్ని అడుగుల దూరం అనేవి కాగితం మీద వ్రాసుకోవాలి. అమ్మాయిల గదులు నడుమ, అధ్యాపికల గదులు ఇరువైపులా ఉండాలి. రాత్రి ఎవరు లేచినా తోడు లేచేవారి పేరు ముందే నిర్ణయమై ఉండాలి. ఈ కాగితాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి ప్రతి ఇంటికీ పంపాలి. చదవలేని తల్లికి కూతురే చదివి వినిపిస్తుంది.

మూడవ ప్రశ్న: ఎంతమంది? ఎక్కువ మంది వస్తే తలా ఒక రూపాయి తగ్గుతుందని లెక్క వేసేవారు ఉన్నారు. అడవికి ఆ లెక్క పనికిరాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దు మీద, 'బౌండరీ వాటర్స్' అనే సరస్సుల అరణ్యం ఉన్నది. అందులో వెయ్యికి పైగా సరస్సులు ఉన్నాయి. అంత విశాలమైన చోట కూడా ఒక బృందంలో తొమ్మిది మందికి మించి ఉండకూడదని నియమం. చోటు లేక పెట్టిన నియమం కాదది. పెద్ద గుంపు అడవిని చూడలేదు, అడవి కూడా దానిని భరించలేదు. మన వంటి కళాశాలకు తొమ్మిది సాధ్యం కాదు. 28 మంది విద్యార్థులు, ఆరుగురు పెద్దలు చాలు. ఆ 28 మందిని ఏడుగురేసి నాలుగు బృందాలు చేయాలి. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని మా పెద్దలు చెప్పేవారు. ఏడుగురికి ఒక నాయకుడో నాయకురాలో తప్పక ఉండాలి. గంటగంటకూ తలలు లెక్కపెట్టడం ఆ నాయకుని పని. అది చిన్న పనిగా కనబడుతుంది గాని ప్రాణాలు నిలిపేది అదే.

నాలుగవ ప్రశ్న నీటిని గురించి. ఈ ప్రశ్న అడిగినప్పుడు ఏ తండ్రి గొంతు కొంచెం మారినా మేము ఆశ్చర్యపడము. 2014 జూన్ 8న హైదరాబాదు నుండి హిమాచల్ ప్రదేశ్‌కు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలో బండల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జి జలాశయం నుండి వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చిపడింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ పిల్లలు ఈత కొట్టబోలేదు, సాహసం చేయబోలేదు. నీరు ఎప్పుడు వస్తుందో తెలిసినవారెవరూ వారి పక్కన లేరు. ఆ రోజు ఈ నగరంలో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగలేదో పెద్దవారికి గుర్తున్నది. కాబట్టి లక్నవరంలో నియమాలు కఠినంగా ఉండాలి. చెరువులో దిగడం లేదు. పర్యాటక శాఖ వారి పడవ తప్ప వేరే పడవ లేదు. తేలే జాకెట్టు కట్టుకోనివారు పడవ ఎక్కరు, అధ్యాపకులకు కూడా మినహాయింపు లేదు. చీకటి పడిన తరువాత ఒడ్డుకు పోవడం లేదు. కొత్త చోట నీటి సంగతి ఆ ఊరివారిని అడగనిదే ఎవరూ అడుగు వేయరు. "మరి ఆనందమేముంది సార్?" అని పిల్లలు అంటారు. ఆనందం తిరిగి ఇంటికి వచ్చి చెప్పుకోవడంలో ఉన్నదని మా సమాధానం.

ఐదవ ప్రశ్న భోజనం. మన కళాశాలలో హలాలు తినేవారు ఉన్నారు, మాంసం ముట్టనివారు ఉన్నారు. ఈ సమస్యకు మా పరిష్కారం సులభమైనది. మూడు రోజులూ అందరికీ పప్పు, కూరగాయలు, గుడ్లు. గుడ్డు వద్దన్నవారికి పెరుగు. అందరూ ఒకే వరుసలో కూర్చుని ఒకే వంట తినడంలో ఉన్న విలువ బిర్యానీలో లేదు. ఈ మాట బిర్యానీ ప్రియులమైన మేమే అంటున్నాము. అక్కడి హోటలులో తినాలా, మన వంటవాణ్ణి తీసుకుపోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి. మన వంట అయితే, అనుమతి ఉన్న చోటనే, గ్యాసు పొయ్యి మీదనే వండాలి. అడవిలో పుల్ల విరచకూడదు, నిప్పు రాజేయకూడదు. మనిషికి పూటకు 150 గ్రాముల బియ్యం చొప్పున 34 మందికి నాలుగు పూటలకు ఇరవై కిలోల పైచిలుకు. ఇటువంటి లెక్కలు విద్యార్థుల చేతనే వేయించాలి. ప్లాస్టిక్ పళ్ళేలు తీసుకుపోకూడదు. ఎవరి పళ్ళెం, ఎవరి గ్లాసు వారే తెచ్చుకోవాలి, వారే కడుక్కోవాలి. మగపిల్లలు కూడా కడగాలని వేరుగా చెప్పనక్కర లేదనుకుంటాము. అయినా చెబుతున్నాము. తీసుకుపోయిన చెత్త అంతా సంచిలో తిరిగి బస్సు ఎక్కాలి.

ఆరవ ప్రశ్న ఎవరూ పైకి అడగనిది: డబ్బు. ఆ ఆరుగురి జ్వరానికి మందు ఇక్కడ ఉన్నది. ఒక్కసారిగా రుసుము కట్టమంటే ఆటో నడిపే తండ్రి ఇల్లు తలకిందులవుతుంది. జూన్ నుండి వారానికి యాభై రూపాయల చొప్పున కళాశాలలోనే పొదుపు పెట్టెలో వేయిస్తే ఇరవై వారాలలో వెయ్యి రూపాయలు పోగవుతాయి. తక్కువ పడినది అధ్యాపకులమూ, పూర్వ విద్యార్థులూ కలిసి మొత్తం యాత్ర ఖాతాలో వేయాలి. ఫలానా విద్యార్థి పేరు మీద వేయకూడదు. 'పేద విద్యార్థుల సహాయనిధి' అని బోర్డు మీద పేర్లు వ్రాసే ఆచారాన్ని మేము వ్యతిరేకిస్తాము. సహాయం పొందినవాని పేరు నలుగురిలో చదివితే అది సహాయం కాదు, శిక్ష.

ప్రశ్నలు మనవైపు నుండే కాదు, ఆ అడవిలో ఉన్నవారి వైపు నుండి కూడా ఉంటాయి. ఏటూరునాగారం అభయారణ్యం ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లకు పైబడినది. టేకు, వెదురు, ఇప్ప, నల్లమద్ది, తునికి చెట్లతో నిండిన ఆ అడవిలో చిరుతలు, ఎలుగులు, అడవిదున్నలు ఉంటాయి. కోయవారి ఊళ్ళు కూడా ఉన్నాయి. మనకు విహారస్థలమైనది వారికి ఇల్లు. ఒకరి ఇంటికి అతిథిగా వెళ్ళినప్పుడు గట్టిగా పాటలు పెట్టము, అడగకుండా ఫోటో తీయము, పెరటిలోని పండు కోయము. అక్కడా అంతే. తాడ్వాయి సమీపాన దామరవాయి గుట్టల మీద బృహత్ శిలాయుగపు రాతి సమాధులు ఉన్నాయి. వాటిని, చెట్లను, జంతువుల అడుగుజాడలను చూపడానికి అటవీ శాఖ అనుమతితో అక్కడి మనిషినే వెంట పిలుచుకోవాలి. ఆయన పిల్లలకు ఆ మూడు రోజులు అధ్యాపకుడు. మాకిచ్చే గౌరవమే ఆయనకు ఇవ్వాలి, కూలి కూడా బేరమాడకుండా ఇవ్వాలి.

ఇన్ని తంటాలు పడి రాత్రి బస ఎందుకు, నగర శివారులోని ఏదో వినోద ఉద్యానానికి ఒక పూట తీసుకుపోతే చాలదా అని మా సహోద్యోగులే కొందరు అడిగారు. వారి మాటను మేము తేలికగా తీసివేయము. బాధ్యత పెద్దది. కాని పగటిపూట అరుపుల మధ్య అడవి పలకదు. చీకటి పడ్డాక, దీపాలు తగ్గించి అందరూ మౌనంగా కూర్చున్నప్పుడే దాని గొంతు వినబడుతుంది. ఫిన్లాండు దేశంలో సరస్సుల ఒడ్డున, అడవులలో ఐదు లక్షలకు పైగా వేసవి కుటీరాలు ఉన్నాయి. ధనవంతులే కాదు, సామాన్య కుటుంబాలు కూడా ఏటా కొన్ని దినాలు అక్కడ గడపడం ఆ దేశపు అలవాటు. మనకు కుటీరాలు కొనే శక్తి లేదు. ఏడాదికి రెండు రాత్రులు అద్దెకు తీసుకునే శక్తి ఉన్నది.

ఇంకొక కారణం కూడా ఉన్నది. మన విద్యార్థినులలో రేపు పోటీ పరీక్షలకు వరంగల్ పోవలసినవారు, ఉద్యోగానికి ఇంకో ఊరు పోవలసినవారు ఉన్నారు. ఆనాడు కొత్త చోట తలుపు గొళ్ళెం చూసుకోవడం, తోడు ఎంచుకోవడం, దారి కనుక్కోవడం, ఖర్చు లెక్క వేసుకోవడం వారికి తెలిసి ఉండాలి. ఇంట్లో కూర్చుంటే అవి రావు. అధ్యాపకులు అన్నీ సిద్ధం చేసి బస్సు ఎక్కిస్తే కూడా రావు. అందుకే ప్రణాళిక సంఘంలో సగం మంది విద్యార్థినులు ఉండాలని, గదులు చూసి రావడానికి వెళ్ళే అధ్యాపికతో ఇద్దరు విద్యార్థినులు తమ తల్లులతో కలిసి వెళ్ళాలని మా సూచన. తల్లి తన కళ్ళతో చూసి వచ్చిన గొళ్ళేన్ని గురించి మేము హామీ ఇవ్వనక్కర లేదు.

ప్రధానాచార్యుల వారికి, పాలకవర్గం వారికి మా విన్నపం ఇది. రాబోయే విద్యా సంవత్సరపు కార్యక్రమాల పట్టికలో ఈ యాత్రకు డిసెంబరు మొదటి వారంలో మూడు రోజులు కేటాయించండి. 28 మందిలో కనీసం 14 మంది విద్యార్థినులు లేనిచో బస్సు కదలకూడదని తీర్మానించండి. ఆ నియమం ఉన్నప్పుడు అమ్మాయిలు రాలేదని చేతులు దులుపుకోవడం మాకు సాధ్యం కాదు. వారి ఇళ్ళ ప్రశ్నలకు సమాధానాలు వెతకక తప్పదు. తల్లిదండ్రులకు మా మనవి ఏమంటే, మీ అమ్మాయి పేరును మౌనంగా కొట్టివేయకండి. వచ్చి అడగండి. మేము చెప్పలేని ప్రశ్న అడిగితే మాకు కోపం రాదు, మా కాగితంలో ఒక పంక్తి పెరుగుతుంది.

ఆ తల్లికి మేము ఇంకా సమాధానం చెప్పవలసి ఉన్నది. మళ్ళీ వెళ్ళి, గదులన్నీ చూసి, గొళ్ళెం ఉన్నదనీ, బయటికి ఇన్ని అడుగుల దూరమనీ, తోడు లేచేవారు ఫలానా అనీ కాగితం మీద వ్రాసి ఆమె ఇంటికి తీసుకుపోతాము. ఆ తరువాత ఆమె సరేనంటే సంతోషం. ఇంకొక ప్రశ్న అడిగితే దానికి కూడా సమాధానం తెచ్చి మళ్ళీ వెళతాము.